మగతీగలు తవ్విన వెందెలీన్

బీరు నురుగు మీద పసుపు రజను కనిపిస్తే నాకు ఇప్పటికీ ఆ గ్లాసు ముట్టబుద్ధి కాదు. ఎందుకో చెప్పాలంటే వెందెలీన్ ష్రామెక్ గురించి చెప్పాలి. మా కొలేషిన్ రైతుసంఘం వాళ్ళు ఊరి మనుషుల మీద ఒక చిన్న పుస్తకం వేస్తూ అతనికి రెండంటే రెండు వాక్యాలిచ్చారు. "నలభై ఏళ్ళు కంచెలు శుభ్రం చేశాడు. మంచి పొరుగువాడు." చదివి ఆ కాగితం బల్ల మీద పడేశాను. కంచెలు శుభ్రం చేశాడట, చీపురు పట్టుకుని తిరిగినట్టు! ఆ పని ఏమిటో, ఆ పని చేసినవాణ్ణి మేమేం చేశామో రాయడానికి వాళ్ళకి చేతులు రాలేదు. నాకు వస్తాయి.

రాయడానికి నువ్వెవరు అని అడిగేవాళ్ళూ ఉంటారు. నేను బ్లాజెనాని. ఊరి బడిలో ఎనిమిది తరగతులు చదివాను. బీరుకి చేదూ వాసనా ఇచ్చే హాప్ తీగ కోతలు డెబ్భై దాకా చూశాను. చేత్తో కోసే రోజుల్లో, నాకు పన్నెండేళ్ళప్పుడు, పొద్దు పొడిచింది మొదలు సాయంత్రం దాకా పది గంపలు నింపాను. ఏడు నింపిన పెద్దవాళ్ళు ఆ రోజు మీసం దువ్వుకునేవారు. ఇరవై రెండేళ్ళు సంఘం ఎండుగదికి పెద్దగా ఉన్నాను. నా చేతి కింద ఎండిన కాయకి జాతెత్స్ పట్నం హాప్ పోటీలో మూడుసార్లు మొదటి రిబ్బను వచ్చింది. మూడూ మా వంటింట్లో గడియారం కింద వేలాడుతున్నాయి. కళ్ళకి గంతలు కట్టి చేతిలో కాయ పెడితే, నలిపి వాసన చూసి, ఏ వాలు మీద పండిందో, ఎన్ని రోజులు ఆలస్యంగా కోశారో చెప్పేదాన్ని. వారం ఆలస్యమైతే చాలు, ఉల్లిపాయ కంపు కొడుతుంది. మంట ఎక్కువైతే కాల్చిన ఎండుగడ్డి. ఇలాంటి ముక్కు ఒక వేసవంతా నా ముఖం మీద ఉండి ఏమీ చేయలేదు. ఆ సంగతీ దాచను.

మా ఊరు పండించేది ఎర్రతీగ. కాండం మీద ఎర్ర చార ఉంటుంది కాబట్టి ఆ పేరు. పెంకితనంలో దీన్ని మించిన పంట లేదు. మా ఎర్రమట్టి, మా అరకొర వానలు తప్ప ఇంకేవీ దానికి సరిపడవు. అలాగని వాన మరీ తగ్గితే ముడుచుకుంటుంది, ఎక్కువైతే బూజు పడుతుంది. ఏప్రిల్‌లో పాదు తవ్వి పాత కాండం కోయాలి. మే నెలలో మొలకలన్నీ తీసేసి మూడింటిని మాత్రం కమ్మీకి చుట్టాలి. అదీ పొద్దు తిరిగే దిక్కుకే. ఎదురు తిప్పామా, తెల్లారేసరికి విప్పుకుని కింద పడి ఉంటుంది. ఇంత చేస్తే కొత్తరకాలిచ్చే దాంట్లో సగం కాయ ఇస్తుంది, చేదు కూడా తక్కువే. అయినా పెద్ద పెద్ద బీరు కాచేవాళ్ళు మా గుమ్మంలో నిలబడేది ఆ తక్కువ చేదు కోసమే. మరిగే కషాయంలో మూడు విడతలుగా వేస్తే, ఆ చేదు నాలుక మీద ఒక్క క్షణం కూర్చుని మర్యాదగా లేచి వెళ్ళిపోతుంది. నోరు శుభ్రంగా ఉంటుంది. ఇంకో గుక్క కావాలనిపిస్తుంది.

ఇదంతా ఆడతీగ గొప్ప. కాయ కాసేది అదే. మగతీగ కాయ కాయదు, జూన్ చివర్లో పూత పూసి గాలికి పుప్పొడి వదులుతుంది. ఆ పుప్పొడి తగిలిన కాయలో గింజ పడుతుంది. గింజ పడితే వాసన చచ్చిపోతుంది. గింజలో నూనె ఉంటుంది, అది మక్కితే బీరు పాత వెన్న కంపు కొడుతుంది, నురుగు నిలబడదు. అందుకే మా చుట్టుపక్కల ఎక్కడా మగతీగ బతకకూడదని కట్టుబాటు. కానీ వాగు ఒడ్డున, కంచెల్లో, పాత రైలుకట్ట మీద దానంతటదే మొలుస్తూనే ఉంటుంది. దాన్ని వెతికి తవ్వేవాడు వెందెలీన్.

అతని తండ్రి హాప్ స్తంభం మీంచి పడి పోయినప్పుడు అతనికి ఆరేళ్ళు. తల్లి అపొలేనా ఒక్కతే మూడు వందల పన్నెండు పాదులు నాటింది, ఊరి బీరు కొట్టు వెనకగోడ అవతల. ఆ పాదులే ఇద్దర్నీ సాకాయి. కుర్రతనంలో సంఘం మరలో రెండు వేళ్ళు పోయాయి. మూడు వేళ్ళ చేత్తో కాయ కోయడం కుదరదని అందరూ తలోమాట అంటుంటే, ముప్పై మూడేళ్ళప్పుడు ఒక గునపం భుజాన వేసుకుని కంచెల దారి పట్టాడు. జీతం లేదు. కోత ముగిసిన రోజు విందులో ఒక బాతు ఇచ్చేవాళ్ళం. అంతే.

పని వినడానికి తేలిక. పూత మొగ్గ వేసేదాకా ఏది మగదో ఏది ఆడదో తెలియదు, మొగ్గ విచ్చిందా, ఆలస్యమైపోయింది. మధ్యలో ఉండేది పది రోజులు. ఆ పది రోజుల్లో పదకొండు కిలోమీటర్ల కంచె మోకాళ్ళ మీద వెతికేవాడు. ఎవరితోనూ పెద్దగా మాట్లాడని మనిషి మగతీగతో మాత్రం మాట్లాడేవాడు. "పెళ్ళికొడుకులా తయారయ్యావేంట్రా? నీ పెళ్ళి ఇక్కడ కాదు, లే, బయల్దేరు" అంటూ గునపం దింపేవాడు. వేరు మనిషంత లోతు పోతుంది. ముక్క మిగిలినా మళ్ళీ మొలుస్తుంది. తవ్వినవన్నీ రైలుకట్ట పక్క కంచె మీద ఎండేసి, శరదృతువులో కాల్చేవాడు. నలభై ఏళ్ళు మా కాయలో గింజ లేదు. నా రిబ్బన్లలో సగం అతనివి. ఈ మాట అప్పుడు నేనెప్పుడూ అనలేదు. ఇప్పుడంటున్నాను.

బీరు కొట్టు లుమీర్‌ది. తండ్రి నడిపినంతకాలం అక్కడ ఎర్రతీగ బీరు తప్ప ఇంకోటి లేదు. లుమీర్ చేతికొచ్చాక వారాంతంలో సైకిళ్ళ మీద వచ్చే పట్నం వాళ్ళ కోసం ఏదో కొత్తరకం హాప్ వేసిన బీరు తెచ్చాడు, మామిడిపండు వాసన వస్తుందని గోడమీద రాసి మరీ. వెందెలీన్ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కిందపెట్టేశాడు.

"ఏం వెందెలీన్ బాబాయ్, బాలేదా?" అన్నాడు లుమీర్.

"మీ పిల్లి ఆరోగ్యం ఎలా ఉందిరా?"

"మా పిల్లికేం?"

"పీపాలో పోసింది కదా, వట్టిపోయిందేమోనని అడిగాను."

కొట్టంతా గొల్లుమంది. పట్నం అమ్మాయి ఒకతె గ్లాసు పక్కకి జరిపింది. లుమీర్ ముఖం కందగడ్డలా చేసుకుని, "నచ్చనివాళ్ళకి గుమ్మం అటు ఉంది" అన్నాడు. వెందెలీన్ లేచి టోపీ పెట్టుకుని వెళ్ళాడు. మూడేళ్ళు ఆ గుమ్మం తొక్కలేదు. పక్కనే తన పాదుల్లో పనిచేస్తూ కూడా గోడ ఇవతలికి తొంగి చూడలేదు.

ఆ మూడేళ్ళలోనే లుమీర్ పెరట్లో బల్లల మీదికి హాప్ పందిరి లేపాడు. నీడకి నీడ, పట్నం వాళ్ళు ఫొటోలు తీసుకోవడానికీ బాగుంటుందని. మూడో వేసవికి కప్పంతా కమ్ముకుంది. పొలం పని అయ్యాక మేమందరం దాని కిందే కూర్చునేవాళ్ళం, నేను, సంఘం అధ్యక్షుడు హినెక్, మిగతావాళ్ళూ. జూన్ చివర బల్లల మీద, గ్లాసుల్లో సన్నగా పసుపు రజను రాలేది. "లిండెన్ చెట్టు పూత, పిన్నీ. ఈ ఏడు విరగబూసింది" అన్నాడు హినెక్. లుమీర్ వచ్చి, ప్లేట్లు తుడిచిన గుడ్డతోనే బల్లలు తుడిచి, అదే గుడ్డతో చెమట తుడుచుకుని వెళ్ళేవాడు. నేను నురుగు మీది రజను ఉఫ్‌మని ఊది తాగేదాన్ని. రోజూ. ఈ ముక్కుతోనే.

సెప్టెంబరు మొదట్లో బీరు కంపెనీ మనిషి ఎండుగదికి నమూనా చూడటానికి వచ్చాడు. కాయ తీసి నిలువునా చీల్చాడు. నల్లటి గింజలు రెండు అరచేతిలోకి దొర్లాయి. ఇంకో కాయ, ఇంకో రెండు. జేబురుమాలు తీసి, ముట్టకూడనిది ముట్టినట్టు ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు. ఆ వేళ్ళు తుడుచుకోవడం చూసినప్పుడు నా మూడు రిబ్బన్లూ గోడ మీంచి ఊడి పడ్డట్టయింది.

అన్ని పొలాల కాయా చీల్చి చూశాం. గింజ అన్నిటికంటే ఎక్కువ ఎక్కడుందంటే, వెందెలీన్ తల్లి పాదుల్లో.

"ఇంకేముంది? ముసలోడికి కళ్ళు పోయాయి. మగతీగ వాడి ముక్కు కిందే ఉంది" అన్నాడు హినెక్ ఎండుగది గుమ్మంలో నిలబడి.

"లేదు" అన్నాడు వెందెలీన్.

"మరి గింజ ఎక్కడిది బాబాయ్? ఆకాశం నుంచి పడిందా?"

"వెతుకుతాను."

"వెతికింది చాలు. శనివారం మీటింగు పెడుతున్నాను. గునపం ఇంకొకరికిస్తాం. నీ మూడొందల పన్నెండు పాదులూ పీకాల్సిందే. మగతీగ వాటి మధ్యే ఎక్కడో కలిసిపోయి ఉంటుంది, ఒక్కొక్కటీ పరీక్ష చేయించే ఓపిక ఎవరికీ లేదు."

వెందెలీన్ నా వైపు చూశాడు. నలభై ఏళ్ళు అతను తవ్వితే రిబ్బన్లు తీసుకున్నదాన్ని, ఒక్క మాట అనాల్సింది. "చూద్దాం, మీటింగులో" అన్నాను. ఛీ. ఇన్నేళ్ళలో నా నోటినుంచి వచ్చిన మాటల్లో అంత చచ్చు మాట ఇంకోటి లేదు.

సిగ్గుపడి మర్నాడు అతనితో నడిచాను. మూడు రోజులు కంచెలన్నీ వెతికాం. వాగు, కట్ట, పాడుబడ్డ గిడ్డంగి, శ్మశానం గోడ. పాదుల దగ్గర ఒక్కొక్క కమ్మీ పైకి చూస్తూ మూడు వందల పన్నెండూ లెక్కపెట్టాను. అన్నిటికీ కాయలున్నాయి. కాయ ఉన్నది మగతీగ కాదు. గోడ దాకా వచ్చి వెనక్కి తిరిగాం. గోడ అవతల లుమీర్ బీరు కొట్టు. అక్కడ ఎవరు వెతుకుతారు?

"అక్కా, మోకాలు పని చెయ్యడం లేదు" అన్నాడు వెందెలీన్ కమ్మీ స్తంభానికి ఆనుకుని. డెబ్భై మూడేళ్ళు అప్పుడతనికి. "పీకేస్తే పీకెయ్యనీ. నన్ను మాత్రం చూడమని పిలవొద్దను."

శనివారం మధ్యాహ్నం మీటింగు లుమీర్ పెరట్లోనే పెట్టాడు హినెక్. సంఘం గదికి సున్నం వేస్తున్నారు, ఇంకెక్కడా అంతమంది పట్టరు. వెందెలీన్ మూడేళ్ళ తర్వాత మొదటిసారి ఆ గుమ్మంలోకి వచ్చాడు, చర్చికి వేసుకునే కోటు తొడుక్కుని. బల్ల చివర కూర్చున్నాడు. లుమీర్ అందరికీ గ్లాసులు పెడుతూ, "బాబాయ్‌కి ఏం తేను? మా పిల్లి ఇంకా పనిలోనే ఉంది" అన్నాడు. కొందరు నవ్వారు. నవ్విన వాళ్ళ పేర్లు నాకు గుర్తున్నాయి, రాయను.

హినెక్ కాగితం చదవడం మొదలుపెట్టాడు. మగతీగ ఊరికి చేసే చేటు, నాణ్యత ముద్ర పడని కాయ, పోయిన పరువు. అందరూ బీరు తాగుతూ మగతీగని తిడుతున్నారు. "దాన్ని బతకనిచ్చినవాణ్ణి ఊళ్ళోంచి తరమాలి" అన్నారెవరో నురుగు పెదాలు తుడుచుకుంటూ.

వెందెలీన్ వినడం లేదు. తల ఎత్తి పందిరి చూస్తున్నాడు. "ఏప్రిల్‌లో కోశావా దీన్ని, లుమీర్?" అన్నాడు.

"ఎందుకు కొయ్యాలి? పందిరి కదా."

"సెప్టెంబరు సగమైంది. ఈ కాయ ఇంత పచ్చగా ఉందేంటి?"

చెయ్యి పైకి చాచాడు. హాప్ కాయ కనిపిస్తే నలిపి వాసన చూడకుండా ఉండగలిగే చెయ్యి మా ఊళ్ళో లేదు, పొలంలో ఉన్నంతసేపు. పొద్దస్తమానం కాయల మధ్య గడిపి బీరు కొట్టుకొచ్చిన మేమెవరమూ తలెత్తి ఒక్క కాయ ముట్టుకోలేదు. అతను మూడేళ్ళు రాలేదు కాబట్టి ముట్టుకున్నాడు. మూడు వేళ్ళ మధ్య నలిపాడు. కిర్రుమంది.

"ప్లాస్టిక్" అన్నాడు.

హినెక్ చదవడం ఆపాడు. నేను లేచి ఇంకోటి లాగాను. వెనక సన్నటి తీగ కట్టి ఉంది. ఇంకోటి. అదీ అంతే. బల్లెక్కి కొమ్మలు పక్కకి తీశాను, డెబ్భై తొమ్మిదేళ్ళ వయసులో బల్లెక్కాను. ప్లాస్టిక్ తీసేస్తే ఆకు తప్ప ఏమీ లేదు, నాలుగైదు చోట్ల ఎండిన పూత కాడలు తప్ప. పెరడంత తీగ, ఒక్క కాయ లేదు.

"కాయట్లేదని... మొన్న జూలైలో కొనుక్కొచ్చి కట్టాను. పట్నం వాళ్ళకి కాయ కనిపించాలి కదా" అన్నాడు లుమీర్. "నీడలో ఉంది కాబట్టి కాయట్లేదనుకున్నా."

"హాప్ ఊళ్ళో పుట్టి, కాయే కాయని తీగ చూసి నీడనుకున్నావా?" అన్నాడు హినెక్. "ఎక్కడిదిది? ఎక్కడ కొన్నావు?"

"కొనలేదు. రైలుకట్ట దగ్గర కంచె మీద వేరు ఎండేసి ఉంటే తెచ్చి నాటాను. ఊరికే వచ్చింది కదాని."

ఎవరో నోట్లోది ఉమ్మారు. నేను నా గ్లాసులోకి చూశాను. జూన్ అంతా ఊది పక్కకి నెట్టి తాగిన పసుపు రజను గుర్తొచ్చింది. ఆ రజను గాలికి గోడ దాటి అపొలేనా పాదుల మీద పడుతుంటే, దాని కిందే కూర్చుని, ఈ ఏడు కాయ ఘనంగా ఉండబోతుందని నేనే గొప్పలు చెప్పాను. పక్కకెళ్ళి గోడ మొదట్లో కక్కుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. ఆ రోజు నేను చేసిన పనుల్లో కాస్త శుభ్రమైంది అదే.

హినెక్ చేతిలో కాగితం మడతపెడుతూ, "అయితే బాబాయ్, వేరు నువ్వే కదా అక్కడ పెట్టింది" అన్నాడు, ఇంకా ఎక్కడో ఒక పట్టు దొరుకుతుందేమోనని.

వెందెలీన్ లేచాడు. "పీకింది నేను. నాటింది వీడు. మూడేళ్ళు దీని కింద కూర్చుని తాగింది మీరు. నేను బయటున్నాను."

అతను బయటికి వెళ్ళి గునపం తెచ్చాడు. తవ్వుతాడనుకున్నాం. హినెక్ చేతిలో పెట్టాడు.

"నాకు మోకాలు బాలేదు. తవ్వండి. మొదలు పెరటి రాతి పలకల కింద ఉంది, పలకలు వాడి చేత తీయించండి. ముక్క మిగిల్తే మళ్ళీ వస్తుంది."

రెండు రోజులు తవ్వాం. లుమీర్ పలకలు లేపాడు, హినెక్ గుంటలో దిగాడు, నేను బుట్టతో మట్టి ఎత్తాను. పలకల కింద ఏళ్ళ తరబడి ఒలికిన బీరు పులిసి ఆ మట్టి కొట్టిన కంపు ఇప్పటికీ నా చేతుల మీద ఉన్నట్టే ఉంటుంది. వేరు హినెక్ ఛాతీ లోతు దాకా పోయింది. వెందెలీన్ గుంట ఒడ్డున కుర్చీ వేసుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్న రొట్టె, వెన్న తింటూ, "ఎడమ పక్కకి ఇంకో పాయ ఉంది, వదిలేశావు" అనడం తప్ప ఏమీ అనలేదు. లుమీర్ ఒక గ్లాసు తెచ్చి, "ఇది మన ఎర్రతీగదే బాబాయ్, ఒట్టు" అన్నాడు. వెందెలీన్ నురుగు చూసి, పక్కన పెట్టేశాడు.

చివరికి హినెక్ గుంటలోంచి పైకి వచ్చి, "తప్పయిపోయింది బాబాయ్" అన్నాడు.

"నాకెందుకు చెప్తావు? పీకేస్తానన్నది నన్ను కాదు. గోడ అవతలికెళ్ళి మా అమ్మ పాదులకి చెప్పు."

హినెక్ నవ్వాడు. వెందెలీన్ నవ్వలేదు. హినెక్ గోడ చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళాడు, మోకాళ్ళ దాకా మట్టితో. ఏమన్నాడో వినలేదు. ఒక్కడే వరసల మధ్య నిలబడి ఉండటం మాత్రం చూశాను.

ఆ ఏటి కాయకి ముద్ర పడలేదు. పాదులు మాత్రం అలాగే ఉన్నాయి. గునపం వెందెలీన్ మళ్ళీ తీసుకోలేదు. జూన్‌లో ఆ పది రోజులూ సంఘం అధ్యక్షుడే కంచెల వెంట మోకాళ్ళ మీద పాకుతాడు, వెనక వెందెలీన్ కర్రతో నడుస్తూ చూపిస్తాడు. తవ్విన వేళ్ళు ఇప్పుడు ఎండేయడం లేదు, అక్కడికక్కడే కాలుస్తున్నారు. పుస్తకం వేసేవాళ్ళు రెండు వాక్యాలతో సరిపెట్టింది ఇదంతా. సరిపెట్టకేం చేస్తారు, అందులో సగంమంది ఆ బల్లల చుట్టూ ఉన్నవాళ్ళే.

మరుసటి ఏడు కోత మొదటిరోజు వెందెలీన్ తల్లి పాదుల్లోంచి ఒక కాయ తెచ్చి నా వంటింట్లో బల్ల మీద పెట్టాడు. నిలువునా చీల్చాను. గింజ లేదు. నలిపి వాసన చూశాను. కొత్తగా కోసిన గడ్డి, కాస్త మిరియం, వాన తర్వాతి అడవి. మా ఎర్రతీగ. రెండు గ్లాసులు పోశాను.

అతను తాగాడు. నేను గ్లాసు పెదాల దగ్గర పెట్టుకుని, అలవాటుకొద్దీ, నురుగు మీద ఉఫ్‌మని ఊదాను. దాని మీద ఏమీ లేదు. వెందెలీన్ చూసి ముఖం పక్కకి తిప్పుకున్నాడు. నాకు ఒంటి మీద జెర్రి పాకినట్టయింది. ఆ ఊదడం ఇంతవరకూ పోలేదు.